ఐదక్షరాలు, చివర వై

ముందు మా నాయన గొంతు సంగతి చెప్పుకోవాలి. అది తెలియకపోతే, ఆ గొంతు పోయిన ఏడు మా ఇల్లు ఎందుకంత అల్లాడిందో ఎవరికీ అర్థం కాదు.

చిత్తూరులో ఆయనది మామిడికాయల మండీ. మండీ అనగానే పెద్ద భవంతిని ఊహించుకోవద్దు. రేకుల షెడ్డు, కింద పరిచిన వరిగడ్డి, దాని మీద కాయల రాసులు, ఓ పక్క కాటా, ఇంకో పక్క బల్ల, బల్ల వెనక ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో ఓ గుమాస్తా. అంతే. చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు కాయ తెచ్చి పోస్తారు. మద్రాసు నుంచీ బెంగుళూరు నుంచీ వచ్చిన షావుకార్లు కొంటారు. ఆ ఇద్దరి మధ్యా మా నాయన గొంతు ఉండేది. పొద్దున్నే వేలం పాట మొదలుపెట్టాడంటే, రోడ్డవతల హోటల్లో కాఫీ తాగేవాళ్లకు కూడా ఆ పూట బేనీషా మామిడి ధర తెలిసిపోయేది.

ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గేది కాదు. వీధి మలుపు తిరుగుతూనే "పాపా, నీళ్లు కాగినాయా?" అని కేక పెట్టేవాడు. మా ఇంట్లో నీళ్లు కాగాయో లేదో వీధి వీధంతా ఆలోచనలో పడేది. నా స్నేహితురాళ్లు నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

"నాయనా, రవ్వంత మెల్లగా మాట్లాడరాదా?" అనేదాన్ని.

"మెల్లగా మాట్లాడితే అది మాటెట్లయితాది మే? గొణుగుడయితాది" అనేవాడు. అది కూడా కేకే.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, డెబ్భైల చివర్లో, కాయ జోరుగా దిగుతున్న రోజుల్లో ఆ గొంతు బొంగురుపోవడం మొదలైంది. అమ్మ మిరియాల కషాయం కాచింది. తమలపాకు రసంలో తేనె కలిపి నాకించింది. ఎవరో చెప్పారని కరక్కాయ బుగ్గన పెట్టించింది. ఏది చేసినా ఆయన పొద్దున్నే వెళ్లి మళ్లీ అరిచి వచ్చేవాడు. చివరికి పాట మధ్యలో మాట తెగిపోయి, పెదాలు ఆడుతున్నా శబ్దం రాకపోయేసరికి, గుమాస్తా భయపడి మా ఇంటికి కబురు చేశాడు. తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాం.

డాక్టరుగారు నాయన నోట్లోకి లైటు వేసి, అద్దం పెట్టి చూశారు. "గొంతులో చిన్న కాయలాంటిది ఉంది, తీసేద్దాం" అన్నారు.

నాయన మా వైపు తిరిగి, ఉన్న కాస్త గొంతుతో, "సూస్తిరా, బయట కాసింది సాలక లోపల గూడా కాసింది" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నోటి నుంచి మేం విన్న ఆఖరి మాట అదే.

కాయ తీసేశాక డాక్టరుగారు మమ్మల్ని ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చెప్పారు. వినాయక చవితి దాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు. మధ్యలో గొంతు ఎత్తాడో, పుండు మానదు, ఇక గొంతు మీద ఆశ వదులుకోవలసిందే. అప్పటికి ఆడికృత్తిక పండగ కూడా రాలేదు. చవితి ఎంత దూరంలో ఉందో తలుచుకుంటేనే మాకు ఊపిరాడలేదు.

మొదట్లో అమ్మకు సరదాగానే ఉంది. "పెండ్లయినాక ఇదే మొదులు, నేను సెప్పేది కడదాకా ఇనేది" అని పక్కింటావిడతో అంది. కానీ నాయనకు వినడం ఒక ఎత్తు, నోరు కట్టుకుని కూర్చోవడం ఇంకో ఎత్తు. ఆయనకు పలక, బలపం ఇచ్చాం. "ఉప్పు" అని రాయడానికి ఆయనకు ఓపిక ఉండదు, పలక మీద బలపంతో టకటకా కొట్టి, సాంబారు వైపు చూపించి, మేం అర్థం చేసుకునే లోపల కోపం తెచ్చుకునేవాడు. మూడో పూటకే పలక ముక్కలైంది. పెదాలు కదుపుతూ గుసగుసల గాలిమాటలు మొదలుపెట్టేవాడు. అమ్మ గరిటె చూపించేది. నోరు మూసుకుని తిన్నె మీదికి వెళ్లి, వీధిలో పోయే ప్రతి మనిషికీ చెయ్యి ఊపుతూ కూర్చునేవాడు.

మండీకి వెళ్లేవాడు గానీ పాట గుమాస్తా పాడేవాడు. పాపం, ఆ గుమాస్తా మంచివాడే, కానీ ఆయన పాడితే పక్కన నిలబడ్డ రైతుకే వినబడేది కాదు. రైతులు మెల్లగా పక్క మండీకి బండ్లు తిప్పడం మొదలుపెట్టారు. నాయనకు మిగిలిందల్లా చేతి బేరం. రాసి మొత్తం ఒకరికే అమ్మాలంటే మా ఊళ్లో పాట ఉండదు. రైతు తరఫున మండీవాడూ కొనేవాడూ కుడిచేతులు కలుపుకుంటారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే అంత. అది వందలా వేలా అన్నది సరుకును చూసి ఇద్దరికీ తెలుస్తుంది. చుట్టూ ఎంతమంది నిలబడినా ఒక్కరికీ ధర తెలియదు. ఆ బేరానికి నోరు అక్కర్లేదు కాబట్టి మా సంసారం నడిచింది.

ఒక సాయంత్రం ఆయన తిన్నె మీద కూర్చుని, దుమ్ములో వేలితో ఏదో రాస్తుంటే వెనక నుంచి చూశాను. "గొంతు రాకపోతే?" అని రాశాడు. అమ్మ బయటికి వస్తున్న అలికిడి విని అరచేత్తో చెరిపేశాడు. అంత పెద్ద మనిషికి భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు నుంచి ఆయన నోరు మూయించడం నా పని అనుకున్నాను. ఎలా మూయించాలో మాత్రం తెలియలేదు.

దారి మా ఇంగ్లీషు టీచరమ్మ చూపించింది, ఆమెకు తెలియకుండానే. మాది తెలుగు మీడియం ఆడపిల్లల బడి. ఇంగ్లీషు అంటే అందరికీ జ్వరమే. శుక్రవారం ఆఖరి పీరియడులో ఆమె పుస్తకం మూసేసి మాతో ఒక ఆట ఆడించేది. "ఐదక్షరాలు, చివర వై" అనేది. అంతే, స్పెల్లింగులో ఐదే ఐదక్షరాలుండి వై తో ముగిసే మాటలు వరసగా చెప్పుకుంటూ పోవాలి. చెప్పిన మాట మళ్లీ చెబితే అవుటు. ఊర్ల పేర్లూ మనుషుల పేర్లూ పనికిరావు. మరో వారం నాలుగక్షరాలు, చివర టి. ఇంకో వారం ఐదక్షరాలు, చివర కె. ఓడిపోవడమంటే నాకు గిట్టదు. అందుకని ఇంట్లో పూలు కడుతూ, రోట్లో రుబ్బుతూ మాటలు పోగేసుకునేదాన్ని. హ్యాపీ, స్టోరీ, డర్టీ, సారీ అని గొణుక్కుంటూ తిరుగుతుంటే అమ్మ, "దీనికేమైనా గాలి సోకిందా?" అని దిష్టి కూడా తీసింది.

అలా గొణుక్కుంటుండగా ఒక రోజు నాయన చప్పట్లు కొట్టి పిలిచాడు. చేత్తో అడిగాడు, ఏమిటది అని. చెప్పాను. కాసేపు ఆలోచించాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఇంట్లో ఎవరున్నారని ఆ తువ్వాలు? ఎవరూ లేరు, అది అలవాటు. లోపల నా అరచేతిలో వేలితో ఒక్కో అక్షరం రాశాడు. ఎల్, ఓ, రెండు ఆర్లు, వై. లారీ.

నేను గంతేశాను. ఒకటి, మాట సరిపోయింది. రెండోది ఇంకా పెద్ద సంగతి. తువ్వాలు కింద చెయ్యి పెట్టే భాగ్యం మా ఊళ్లో ఆడపిల్లకు ఎప్పుడొస్తుంది?

ఆయన చదివింది కూడా ఎనిమిదో తరగతే, కానీ ఇంగ్లీషు పుస్తకాల్లోంచి నేర్చుకున్నది కాదు. లారీల వెనకా, కాయల పెట్టెల మీదా, బోర్డుల మీదా చదివి కూడబెట్టుకున్నది. అందుకే ఆయన మాటలు వేరు, నా మాటలు వేరు. నేను హ్యాపీ అంటే ఆయన పార్టీ అనేవాడు. పార్టీ అంటే ఆయన లెక్కలో కాయ కొనడానికొచ్చిన మనిషి. నేను స్టోరీ రాస్తే ఆయన ఎంప్టీ, తిరిగొచ్చిన ఖాళీ పెట్టెల మీద రాసి ఉండేది. డైలీ, హెవీ, ఎంట్రీ, రెడీ, మనీ. చివర కె అన్న రోజు నన్ను చిత్తుగా ఓడించాడు. ట్రక్, స్టాక్, బ్లాక్, చెక్, ఆఖరికి క్లర్క్ రాసి, ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకుంటున్నట్లు గుమాస్తాను అభినయించి చూపించాడు. అమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

ఆట పద్ధతి కూడా ఆయనే తయారుచేశాడు. ముందు నా వేళ్లు పట్టుకుంటాడు, ఎన్ని పడితే అన్ని అక్షరాలు. ఆ తర్వాత అరచేతిలో చివరి అక్షరం రాస్తాడు. ఇక నేను మొదలుపెట్టాలి. తప్పు రాస్తే చిటికెన వేలు మెలిపెడతాడు. నేనూ తక్కువ తినలేదు, ఆయన ఊరి పేరు రాస్తే గోరుతో గిచ్చేదాన్ని. సంగటి తింటూ ఎడమ చేత్తో ఆడేవాళ్లం. కరెంటు పోతే చీకట్లో ఆడేవాళ్లం, అరచేతికి దీపం అక్కర్లేదు కదా. అన్నిటికన్నా మేలేమిటంటే, ఆడుతున్నంతసేపూ ఆయన పెదాలు బిగించి ఉండేవి. గాలిమాటలు మానేశాడు. అమ్మ గరిటెకు పప్పు కలపడం తప్ప పని లేకుండా పోయింది.

మధ్యలో ఒకసారి చూపించుకోవడానికి తిరుపతికి బస్సులో వెళ్లాం. దారి పొడుగునా ఆటే. నేను కిటికీ పక్కన, ఆయన నా పక్కన, మా చేతుల మీద తువ్వాలు. ముందు సీట్లో తలపాగా చుట్టుకున్న ముసలాయన ఎంతసేపని ఓర్చుకుంటాడు?

"యాడ తోటప్పా? ఎన్ని ఎకరాలు?" అని వెనక్కి తిరిగి నాయనను అడిగాడు.

నాయన నా వైపు చూశాడు. "తోట కాదు తాతా, ఇంగ్లీషు" అన్నాను.

"ఇంగ్లీషును గూడా అమ్మతా ఉండారా!" అని ముసలాయన నోరు తెరిచాడు. ముందుకు తిరిగి తలపాగా సర్దుకుని, మళ్లీ వెనక్కి తిరిగి, "ఈ ఏడు ధర ఎట్లుండాది?" అని అడిగాడు. నాయన నవ్వుతాడేమోనని నేను హడలిపోయి ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టాను.

డాక్టరుగారు చూసి, పుండు బాగానే మానుతోందన్నారు. ఇంకా పచ్చిగానే ఉంది, ఇప్పుడే జాగ్రత్త, చవితి దాకా కదపవద్దు అన్నారు. చవితి అంటే ఇక ఎన్నో రోజులు లేదు. మేం గట్టెక్కేశామనే అనుకున్నాం.

గట్టు మీదే కాలు జారబోయింది. అది ఆదివారం. నాయనకు క్యారియరు ఇచ్చి రమ్మని అమ్మ నన్ను మండీకి పంపింది. సీజను ఆఖరు, బెంగుళూరా రకం కాయ దిగుతోంది. ఒక రైతు పోసిన పెద్ద రాసి దగ్గర మద్రాసు షావుకారూ నాయనా చేతులు కలిపి నిలబడ్డారు. పైన తువ్వాలు. రైతు ఆ తువ్వాలు వైపే రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు, పాపం, లోపల ఏమవుతోందో ఆయనకేం తెలుసు? నేను బల్ల దగ్గర నిలబడ్డాను.

ఉన్నట్లుండి షావుకారు తేలు కుట్టినట్లు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తువ్వాలు కింద పడింది.

"ఎన్నప్పా ఇదు? వేళ్లు పట్టినావు, సరి. అరచేతిలో ఏందది గీకతా ఉండావు?" అని సగం అరవం, సగం తెలుగులో గట్టిగా అరిచాడు.

నాకు వెంటనే అర్థమైంది. నాయనకు ఇంకా అర్థం కాలేదు. ధర చెప్పడానికి ఐదు వేళ్లూ పట్టుకున్నాడు. ఐదు వేళ్లు పట్టుకున్నాక చెయ్యి ఆగుతుందా, ఇన్నాళ్ల అలవాటు? తన పాటికి తాను వెళ్లి షావుకారు అరచేతిలో వై రాసేసింది.

వినడానికి ఇది నవ్వులాటలా ఉంటుంది. అక్కడ నవ్వులాట కాదు. తువ్వాలు కింద వేళ్లకు తప్ప దేనికీ చోటు లేదు. కొత్త గుర్తు పెట్టాడంటే ఎవరితోనో లోపాయికారీ ఒప్పందం ఉందని అర్థం. ఆ మాట ఒక్కసారి మండీలో పుట్టిందంటే, ఇక మనిషితో చెయ్యి కలిపేవాడు ఉండడు. అప్పటికే మిగతా షావుకార్లు ఇద్దరు ముగ్గురు అటు నడిచారు.

గుమాస్తా బల్ల వెనక నుంచి లేచి, "ఆయనకు గొంతు బాగలేదు సామీ, ఆపరేషనయింది" అన్నాడు.

"గొంతు బాగలేదు, సరి. చేతికేమొచ్చినాది?" అన్నాడు షావుకారు. నాయన వైపు తిరిగి, "చెయ్యి మీద నాకు నమ్మకం పోయినాది. ఇంగ నోరు తెరిచి సొల్లు, చెప్పు. ధర ఎంత, ఆ గీకుడు ఏంది, అందరి ముందరా సొల్లు. లేకుంటే నేను పోతా" అన్నాడు.

నాయన ముఖం నల్లబడింది. చేతులతో ఏదో చెప్పబోయాడు. అరచేతిలో ఇంగ్లీషు మాటల ఆటను సైగలతో ఎవరు చెప్పగలరు? తెలుగులో రాసి చూపిద్దామంటే షావుకారుకు తెలుగు చదవడం రాదు, గుమాస్తా చదివితే నమ్మడు. చుట్టూ ఉన్న ముఖాల వైపు చూశాడు. రైతు వైపు చూశాడు. ఆయన గుండె నిండా గాలి పీల్చడం, మెడ మీద నరం లేవడం, నోరు తెరుచుకోవడం చూశాను.

"నాయనా, మాట్లాడొద్దు!"

ఆ కేక నాదేనని నాకు తర్వాత తెలిసింది. కాటా దగ్గర కూలీలు ఆగిపోయారు. రోడ్డవతల హోటల్లోంచి గ్లాసులతో సహా మనుషులు బయటికొచ్చారు. నాయన నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్లే ఉంది గానీ శబ్దం రాలేదు, మెల్లగా మూసుకుంది.

పావడా కాస్త ఎత్తిపట్టుకుని కాయల మధ్యలోంచి నడిచి వెళ్లాను. కోపం తలకెక్కి ఉంది, మా నాయనను పట్టుకుని ఇలా అంటారా అని. "అది గుర్తు కాదు. ఆట. ఆయన మాట్లాడకుండా ఉండాలని మేమిద్దరం ఆడుకునే ఆట" అన్నాను.

"ఆటా? వ్యాపారంలో ఆటా?"

"సెయ్యియ్యండి, సూపిస్తా."

ఆయన ఇవ్వలేదు. నేనే పట్టుకున్నాను. వేళ్లకు ఉంగరాలున్న లావుపాటి చెయ్యి. కింద పడ్డ తువ్వాలు తీసి దులిపి మా చేతుల మీద కప్పాను. ఐదు వేళ్లు పట్టుకున్నాను. అరచేతిలో వై రాశాను. "ఐదక్షరాలుండాల, చివర వై రావాల. ఇంగ్లీషు మాట. చెప్పండి సూస్తాం" అన్నాను. ఎవరైనా పెద్దవాళ్లు నన్ను అక్కడే ఒక్కటి వేసి ఉండాల్సింది. ఎవరూ వెయ్యలేదు, అందరూ అప్పటికే వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకుంటున్నారు.

షావుకారు మద్రాసులో ఇంగ్లీషు చదువుకున్న మనిషి. నలుగురిలో అడిగితే వెనక్కి తగ్గుతాడా? "మనీ" అన్నాడు, ఇంకేమంటాడు? "ఇంకొకటి" అన్నాను. మీసం దువ్వుకున్నాడు. షెడ్డు రేకుల వైపు చూశాడు. ఎవరో వెనక నుంచి "మ్యాంగో" అన్నారు. "చివర ఓ వస్తాది గదా!" అని నలుగురు కలిసి వాణ్ణి కసిరారు. ఇంకెవరో "చిత్తూరు" అన్నారు. షావుకారు నుదుటి మీద చెమట పట్టింది. ఆయన పక్కన మా నాయన, తెలిసిన మాటలన్నీ కడుపులో పెట్టుకుని, బయటికి చెప్పలేక, ఒంటికాలి మీద నిలబడి అల్లాడిపోతున్నాడు.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర నుంచి షావుకారు డ్రైవరు కేకేశాడు. "సార్, లారీ రెడీ!"

"రెండొచ్చినాయి!" అని నేను ఎగిరాను.

మండీ అంతా ఘొల్లుమంది. ఏం తప్పు చేశానో తెలియక డ్రైవరు బండి కింద దూరి చూసుకోవడం మొదలుపెట్టాడు. షావుకారుకు ఒక్క క్షణం పట్టింది. ఎల్, ఓ, ఆర్ అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు, రెండో మాటకూ లెక్కపెట్టుకున్నాడు, ఇక నవ్వు ఆపుకోలేక కాయల గంప మీద కూలబడ్డాడు. నాయన కూడా నవ్వుతున్నాడు. చప్పుడు లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నోటికి అడ్డంగా రెండు చేతులూ పెట్టుకున్నాడు.

షావుకారు లేచి, తువ్వాలు తానే అందుకుని, మళ్లీ చెయ్యి చాపాడు. "వేళ్లు మట్టుమే పట్టు, అంతే. పాఠం ఇంట్లో చెప్పుకో" అన్నాడు. బేరం కుదిరింది. రైతు నా దగ్గరికి వచ్చి, "ఇంతకీ నా కాయ పాయనా, లేదా?" అని రహస్యంగా అడిగాడు. అమ్ముడుపోయిందని చెబితే గాని ఆయన ముఖం తేటపడలేదు. ఆ సీజను మిగిలిన నాలుగు రోజులూ మా మండీలో సరుకు దిగే లోపల షావుకార్లు ఒకరినొకరు "చివర టి, చివర కె" అని సవాలు చేసుకోవడమే. పక్క మండీకి పోయిన బండ్లు కూడా కొన్ని ఆ సందడికి వెనక్కి వచ్చాయి.

ఆ సాయంత్రం తిన్నె మీద నాయన తువ్వాలు కప్పి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎన్ని వేళ్లు పడతాడా అని చూశాను. ఏమీ పట్టలేదు, ఏమీ రాయలేదు. ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో అప్పుడు తలకెక్కింది.

చవితి మర్నాడు ముగ్గురం తిరుపతికి వెళ్లాం. డాక్టరుగారు మళ్లీ లైటు వేసి, అద్దం పెట్టి చూశారు. "మానిపోయింది. ఏదైనా మాట్లాడండి" అన్నారు.

నాయన నోరు తెరవలేదు. ఇన్నాళ్లూ మాట కోసం కొట్టుకుపోయిన మనిషి, మాట్లాడమంటే మాట్లాడడు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. భయం, ఇంకేమీ కాదు. మాట్లాడితే తెలిసిపోతుంది కదా, ఉందో లేదో. అమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. డాక్టరుగారు మంచి మనిషి, తొందరపెట్టలేదు. చివరికి నాయన గొంతు సవరించుకోబోయి, ఆగి, "ఏమనాల సార్?" అన్నాడు.

మేం ముగ్గురం మిగతా గొంతు కూడా వస్తుందని ఎదురు చూశాం. మిగతాది లేదు. ఇక మిగిలిన గొంతు అంతే. సన్నగా, కాస్త గాలి కలిసి, ఎదురుగా కూర్చున్నవాళ్లకు మాత్రం వినబడేంత. డాక్టరుగారు సంతోషించారు, ఇంత బాగా మానుతుందని తానూ అనుకోలేదన్నారు. అయితే పాత గొంతు ఇక రాదని, అరవడానికి ప్రయత్నం కూడా చెయ్యవద్దని, వేలం పాట వేరే ఎవరికైనా అప్పగించమని చెప్పారు. నాయన తల ఊపాడు. అమ్మ, "మాటొచ్చింది, అదే సాలు" అని కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం సాలలేదు. మెల్లగా మాట్లాడమని ఏళ్లతరబడి పోరింది నేనే. ఇప్పుడు మెల్లగా మాట్లాడుతుంటే ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

అమ్మకు మొక్కు ఉంది. తిరుచానూరు వెళ్లి అమ్మవారిని చూసి, పూలమ్మే వాళ్ల దగ్గర మూర మల్లెలు కొని, తిరిగి తిరుపతి బస్టాండుకు వచ్చేసరికి చిత్తూరు బస్సు కదిలిపోతోంది. పాత రోజుల్లో అది లెక్కలోకి వచ్చే సంగతి కాదు. నాయన ఒక్క కేక పెట్టాడంటే బస్సు కాదు, దాని ముందు పోయే బస్సు కూడా ఆగేది. ఇప్పుడూ అలవాటు చొప్పున చెయ్యెత్తి, రెండడుగులు పరిగెత్తి, నోరు తెరిచాడు.

"ఆపప్పా..."

పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినబడలేదు. బస్సు గేటు వైపు తిరిగింది. ఎత్తిన చెయ్యి దించకుండా ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఆ నిలబడటం నేను చూడలేకపోయాను.

"ఆపప్పోయ్! ఆపు! మనుషులుండారీడ!"

బస్టాండులో పావురాలు లేచిపోయాయి. వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ గంప పట్టుకుంది. బ్రేకులు కీచుమని బస్సు ఆగింది, దాని వెనక వస్తున్న మదనపల్లె బస్సు కూడా ఆగింది. అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది, ఆడపిల్ల అరిచే అరుపేనా అది అని. పరిగెత్తుకుంటూ వెళ్లి ఎక్కాం.

కండక్టరు ఇంకా చెవిలో వేలు పెట్టుకుని ఆడిస్తున్నాడు. "ఎవురబ్బా ఆ అరిచినోళ్లు? టైర్లు పేలినాయనుకుంటి" అన్నాడు.

నాయన ఏదో చెప్పాడు. ఇంజను చప్పుడులో కండక్టరుకు వినబడలేదు. "ఏందన్నా?" అన్నాడు.

గొంతు పెంచుతాడేమోనని నేను భయపడ్డాను. పెంచలేదు. కండక్టరు భుజం మీద చెయ్యి వేసి, దగ్గరికి లాక్కుని, వాడి చెవి దగ్గర మళ్లీ చెప్పాడు.

"మా పాపబ్బా."